నేల మరచిపోని కథ: లవ్ కెనాల్ నుండి ఎడిసన్ దాకా

మా తాతగారు ఊళ్ళో ఇల్లు కట్టినప్పటి సంగతి మా నాన్నగారు పదేపదే చెప్పేవారు. స్థలం కొనేముందు తాతగారు అక్కడ మూరెడు గొయ్యి తవ్వించి, ఆ మట్టినే తిరిగి అందులో పోయించారట. గొయ్యి నిండాక ఇంకా మట్టి మిగిలితే మంచి నేల, సరిపోతే మధ్యమం, చాలకపోతే ఆ స్థలం వద్దు. ఆ తరువాత మట్టి రంగు చూశారు, వాసన చూశారు. అడుగున ఎముకలు, బొగ్గులు, పెంకులు ఉన్నాయేమోనని తవ్వించి చూశారు. దానినే పెద్దలు శల్యం అంటారు. శల్యం తీయకుండా ఇల్లు కడితే ఆ ఇంట్లో సుఖం ఉండదని నమ్మకం.

చిన్నప్పుడు నేనిది చాదస్తమనుకున్నాను. ఇంజనీరింగు చదివి, ఈ దేశం వచ్చి, న్యూజెర్సీలో కలుషిత భూముల పరీక్షలు చేసే కన్సల్టింగు కంపెనీలో చేరాక గాని అర్థం కాలేదు, నాకు జీతమిచ్చి చేయిస్తున్నది ఆ శల్యపరీక్షేనని! గొయ్యికి బదులు డ్రిల్లింగు యంత్రం, ముక్కుకి బదులు వాసన పట్టే మీటరు. ప్రశ్న మాత్రం తాతగారిదే: ఈ నేల కింద ఏముంది?

ఈ ప్రశ్న అడగడం అమెరికా ఎలా నేర్చుకుందో, నేర్చుకోవడానికి ఎంత మూల్యం చెల్లించిందో మన సంఘ సభ్యులకు, ముఖ్యంగా ఇక్కడ పుట్టి పెరుగుతున్న మన పిల్లలకు చెప్పాలని ఈ వ్యాసం.

ఒక డాలరుకి అమ్మిన స్థలం

నయాగరా జలపాతం చూడని తెలుగు కుటుంబం మన సంఘంలో ఉండదేమో. ఇండియా నుండి అమ్మానాన్నలు రాగానే మొదట తీసుకెళ్ళేది అక్కడికే. ఆ జలపాతానికి కొద్ది మైళ్ళ దూరంలో, అదే ఊళ్ళో, లవ్ కెనాల్ అనే పేట ఉందని మాత్రం చాలామందికి తెలియదు.

1890లలో విలియం లవ్ అనే ఆయన నయాగరా నదిలోని ఎగువ నీటిని కాలువ ద్వారా దిగువకు మళ్ళించి, విద్యుత్తు పుట్టించి, దాని చుట్టూ ఒక ఆదర్శ నగరం కట్టాలని కలగన్నాడు. కాలువ కొంత దూరం తవ్వాడు. 1893లో ఆర్థిక సంక్షోభం వచ్చింది. మరోపక్క విద్యుత్తును దూరప్రాంతాలకు పంపగల ఆల్టర్నేటింగ్ కరెంటు రావడంతో ఫ్యాక్టరీలు జలపాతం పక్కనే ఉండాల్సిన అవసరం తప్పింది. కల చెదిరింది, గొయ్యి మిగిలింది.

ఆ గోతిలో 1942 నుండి 1953 వరకు హుకర్ కెమికల్ కంపెనీ దాదాపు 21,000 టన్నుల రసాయన వ్యర్థాలను పూడ్చి, పైన మట్టి కప్పింది. అప్పటికది చట్టవిరుద్ధమేమీ కాదు. 1953లో ఆ స్థలాన్ని ఊరి స్కూలు బోర్డుకి ఒక్క డాలరుకి అమ్మింది. అడుగున రసాయనాలున్నాయనీ, ఇకపై జరిగేదానికి తమకు బాధ్యత లేదనీ దస్తావేజులో రాసింది కూడా. అయినా బోర్డు అక్కడ బడి కట్టింది. చుట్టూ ఇళ్ళు లేచాయి. ఆ ఇళ్ళు కొన్న కార్మిక కుటుంబాలలో చాలామందికి ఆ దస్తావేజు సంగతే తెలియదు. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

1970ల మధ్యలో విపరీతమైన వానలు, మంచు పడి భూగర్భజలం పైకి వచ్చింది. దానితోపాటు పూడ్చినవన్నీ పైకి వచ్చాయి. ఇళ్ళ బేస్‌మెంట్లలోకి నల్లటి జిడ్డు ఊరింది. పెరళ్ళలో ఘాటు వాసనలు. గర్భస్రావాలు, పిల్లల అనారోగ్యాల గురించి తల్లులు ఒకరికొకరు చెప్పుకోవడం మొదలుపెట్టారు. లోయిస్ గిబ్స్ అనే గృహిణి, తన కొడుకు చదివే బడి కింద రసాయనాలున్నాయని పత్రికలో చదివి, కాగితం పట్టుకుని ఇంటింటికీ తిరిగింది. ఆమె శాస్త్రవేత్త కాదు, లాయరు కాదు. ఆమె అడిగింది ఒక్కటే: మా నేల కింద ఏముంది?

1978 ఆగస్టు 2న న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్యశాఖ అత్యవసర పరిస్థితి ప్రకటించి, గర్భిణులను, రెండేళ్ళలోపు పిల్లలను అక్కడి నుండి వెళ్ళిపొమ్మని సలహా ఇచ్చింది. మూడేళ్ళ పిల్ల ఉన్న తల్లి ఏం చేయాలి? ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఐదు రోజుల తరువాత అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఫెడరల్ అత్యవసర పరిస్థితి ప్రకటించారు. కాలువకు దగ్గరగా ఉన్న 239 కుటుంబాలను ముందు తరలించారు. మిగిలినవారు మరో రెండేళ్ళు పోరాడాల్సి వచ్చింది. 1980 మేలో రెండవ ప్రకటన వచ్చాక, మొత్తం మీద 900కు పైగా కుటుంబాలకు అక్కడి నుండి బయటపడే దారి దొరికింది. చెమటోడ్చి కొనుక్కున్న ఇల్లు ఒక్క రాత్రిలో కొనేవాడు లేని వస్తువు కావడమంటే ఏమిటో, ఇంటి అప్పులు కడుతున్న మనకు వేరే చెప్పనక్కర్లేదు.

తిలాపాపం తలా పిడికెడు

ఈ గొడవ చల్లారకముందే 1980 ఏప్రిల్ 21న మన న్యూజెర్సీలోని ఎలిజబెత్ పట్టణంలో మరో ప్రమాదం జరిగింది. కెమికల్ కంట్రోల్ అనే సంస్థ వేలకొద్దీ రసాయన డ్రమ్ములను పోగుచేసిన స్థలం పేలి తగలబడింది. ఆ మంటలు న్యూయార్క్ నగరం దాకా కనిపించాయి. అదృష్టవశాత్తు రాష్ట్ర ప్రభుత్వం అంతకుముందే అత్యంత ప్రమాదకరమైన డ్రమ్ములను కొన్నింటిని తొలగించడం ప్రారంభించింది.

అదే సంవత్సరం డిసెంబరు 11న కార్టర్ సంతకంతో సూపర్‌ఫండ్ చట్టం వచ్చింది. పెట్రోలియం, రసాయన పరిశ్రమల మీద పన్ను వేసి, ఐదేళ్ళకు 160 కోట్ల డాలర్ల నిధి ఏర్పాటు చేశారు. కాలుష్యం చేసినవాడు దొరికితే వాడి చేత ఖర్చు పెట్టించాలి. దొరక్కపోయినా, దివాళా తీసినా నిధి నుండి శుభ్రం చేయాలి. 1983లో ప్రకటించిన మొదటి జాతీయ జాబితాలో 406 స్థలాలున్నాయి. వాటిలో మొదటి స్థానం న్యూజెర్సీలోని లిపారి అనే చెత్త గుంటది. ఈనాటికీ ఆ జాబితాలో ఏ రాష్ట్రంకన్నా ఎక్కువ స్థలాలు మన న్యూజెర్సీవే. తోటల రాష్ట్రమని పేరు పెట్టుకున్నందుకు సిగ్గుపడాల్సిన విషయం.

సూపర్‌ఫండ్ చట్టంలో బాధ్యత గురించిన నియమం ఎంత కఠినమైనదో ఒక సామెతతో చెప్పవచ్చు: తిలాపాపం తలా పిడికెడు. అయితే ఇక్కడ పిడికెడుతో పోదు. వ్యర్థాలు తయారుచేసినవాడు, వాటిని మోసినవాడు, అప్పటి యజమాని, ఇప్పటి యజమాని, వీరిలో ఎవరి చేతనైనా మొత్తం ఖర్చు వసూలు చేయవచ్చు. తప్పు చేశాడా లేదా అన్నది ప్రశ్నే కాదు. నిన్న స్థలం కొన్నవాడు కూడా నలభై ఏళ్ళ కిందటి పాపానికి బాధ్యుడే.

1984 డిసెంబరులో భోపాల్ దుర్ఘటన జరిగింది. మనందరి గుండెలు పిండిన ఆ రాత్రి అమెరికాను కూడా కదిలించింది. 1986లో సూపర్‌ఫండ్ చట్టాన్ని సవరించి నిధిని 850 కోట్ల డాలర్లకు పెంచినప్పుడు, ఏ ఫ్యాక్టరీలో ఏ విషపదార్థాలున్నాయో చుట్టుపక్కల ప్రజలకు తెలుసుకునే హక్కు కూడా అందులో చేర్చారు. ఈ రోజు ఇక్కడ మన ఇంటి చుట్టూ ఉన్న ఫ్యాక్టరీలు ఏమేమి విడుదల చేస్తున్నాయో మనం తెలుసుకోగలుగుతున్నామంటే, దాని వెనుక భోపాల్ పేదల ప్రాణాలున్నాయని మన పిల్లలకు తెలియాలి.

ఒక వృత్తి పుట్టిన వైనం

1986 సవరణలో మరో చిన్న వాక్యం ఉంది. స్థలం కొనేముందు తగినంత విచారణ జరిపి, అయినా కాలుష్యం సంగతి తెలియక కొన్నవాడిని అమాయకుడిగా పరిగణించవచ్చని దాని సారాంశం. ఆ ఒక్క వాక్యం నుండే మా వృత్తి పెరిగి పెద్దదయింది. తగినంత విచారణ అంటే ఎంత? దానిని చేయగలవారెవరు? 1990లో ఒక ఫెడరల్ అప్పీలు కోర్టు, అప్పిచ్చిన సంస్థను కూడా బాధ్యురాలిని చేయవచ్చని తీర్పు ఇవ్వడంతో బ్యాంకులు బెదిరిపోయి, పరీక్ష లేనిదే వాణిజ్య స్థలాలకు అప్పు ఇవ్వమన్నాయి. 1993లో ఏఎస్‌టీఎం సంస్థ ఆ పరీక్షకు ఒక ప్రమాణం ప్రచురించింది. దాని పేరు ఫేజ్ వన్.

ఫేజ్ వన్‌లో పార పట్టుకోము. పాత కాగితాలు తిరగేస్తాము. శాన్‌బోర్న్ కంపెనీ అగ్నిప్రమాద బీమా కోసం పంతొమ్మిదో శతాబ్దం నుండి గీసిన పటాలలో ఏ వీధిలో ఏ కార్ఖానా ఉందో, నూనె ట్యాంకు ఎక్కడుందో కనబడుతుంది. పాత విమాన ఛాయాచిత్రాలు, టెలిఫోను డైరెక్టరీల వంటి పట్టికలు, ప్రభుత్వ దస్త్రాలు చూస్తాము. చుట్టుపక్కల ముసలివాళ్ళతో మాట్లాడతాము. అనుమానం కలిగితే ఫేజ్ టూ. అప్పుడు నేలకు బోరు వేసి మట్టి, నీరు తీసి లేబొరేటరీకి పంపుతాము.

నేల కింద ఒక్కొక్క రసాయనానిది ఒక్కొక్క నడక. పెట్రోలు నీటికన్నా తేలిక, భూగర్భజలం పైన తేలుతుంది. లోహపు భాగాల జిడ్డు వదిలించే టీసీఈ వంటి ద్రావకం నీటికన్నా బరువు, జలాన్ని దాటుకుని అడుగుకు దిగి, ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా కరుగుతూ ఉంటుంది. దాని ఆవిరి మళ్ళీ మట్టి సందుల్లోంచి పైకి వచ్చి ఇళ్ళలోకి చేరుతుంది. తీయగలిగినచోట మట్టి తవ్వి తీస్తారు. తీయలేనిచోట నీటిని తోడి శుద్ధి చేస్తారు, లేదా కదలకుండా కప్పు వేస్తారు.

న్యూజెర్సీ ఈ విషయంలో దేశంలోనే ముందడుగు వేసింది. 1983 నాటి చట్టం ప్రకారం ఫ్యాక్టరీ అమ్మాలన్నా మూయాలన్నా ముందు నేలను పరీక్షించి శుభ్రం చేయాలి. 1993లో దానిని సవరించారు. 2009లో మరో పెద్ద మార్పు వచ్చింది. ప్రభుత్వ అధికారి అడుగడుగునా అనుమతి ఇచ్చే పద్ధతి పోయి, లైసెన్సు పొందిన నిపుణుడే పని నడిపించి, పూర్తయిందని సంతకం చేసే పద్ధతి వచ్చింది. ఏళ్ళ తరబడి నిలిచిపోయిన ఫైళ్ళు కదిలాయి. నిజమే. కాని ఆ నిపుణుడికి డబ్బు ఇచ్చేది ఎవరు? స్థలం యజమానే! అందుకే ఆ చట్టం, యజమాని ప్రయోజనంకన్నా ప్రజల ఆరోగ్యమే ముందని నిపుణుడి మీద విధి విధించింది. ఆ విధి కాగితం మీద రాయడం సులభం. ఫీజు ఇచ్చే మనిషి ఎదురుగా కూర్చుని, "ఇంకో రెండు బోర్లు అవసరమంటారా?" అని మెల్లగా అడిగినప్పుడు, "అవసరమేనండీ" అని చెప్పడం కష్టం. ఈ వృత్తిలో నిజమైన పరీక్ష మట్టికి కాదు, మనిషికి.

పాడుపడ్డ నేలలకు పునర్జన్మ

సూపర్‌ఫండ్ కాఠిన్యానికి ఒక వికటఫలితం కూడా కలిగింది. ఎక్కడ బాధ్యత నెత్తిన పడుతుందోనని పాత ఫ్యాక్టరీ స్థలాలను ఎవరూ ముట్టుకోలేదు. క్లీవ్‌లాండ్, ట్రెంటన్, నెవార్క్ వంటి నగరాల నడిబొడ్డున అవి కంచెల వెనుక పాడుపడి ఉంటే, కొత్త కంపెనీలు దూరంగా ఉన్న పచ్చని పొలాలను వెతుక్కుంటూ పోయాయి. ఇటువంటి స్థలాలకు బ్రౌన్‌ఫీల్డులని పేరు. 1993లో క్లీవ్‌లాండ్ ఉన్న కయహోగా కౌంటీలో ఫెడరల్ ప్రభుత్వం మొదటి ప్రయోగాత్మక సహాయం ఇచ్చింది. 2002 జనవరి 11న జార్జి బుష్ సంతకం చేసిన చట్టం, ముందే పరీక్ష జరిపించి, జాగ్రత్తలు తీసుకుంటూ కొన్నవారికి రక్షణ కల్పించింది.

ఎలిజబెత్‌లో మన ఆడపడుచులు పండగలకు బట్టలు కొనే జెర్సీ గార్డెన్స్ మాల్ ఉంది కదా, 1999లో తెరిచిన ఆ మాల్ ఊరి చెత్త గుట్ట మీద కట్టినదే. మురికి నేల ఉద్యోగాలిచ్చే నేల అయింది.

మరి శుభ్రం అంటే ఎంత శుభ్రం? గోదాముకు సరిపోయే శుభ్రత పిల్లల బడికి సరిపోదు. చాలా స్థలాలలో విషం పోలేదు, కప్పు కింద ఉంది. లవ్ కెనాల్‌లోనూ అంతే. 2004లో దానిని జాబితా నుండి తొలగించారు. కంచె లోపల, బంకమట్టి కప్పు కింద, ఆ వ్యర్థాలు ఇంకా అక్కడే ఉన్నాయి. ఊరే నీటిని పట్టి శుద్ధి చేసే యంత్రాలు ఎప్పటికీ నడుస్తూనే ఉండాలి. హుకర్‌ను కొన్న ఆక్సిడెంటల్ కంపెనీ 1995లో ఫెడరల్ ప్రభుత్వానికి 12.9 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. ఒక డాలరుకి అమ్మిన స్థలం అది! అదే 1995 చివర సూపర్‌ఫండ్ పన్నుల గడువు తీరిపోయింది. పావు శతాబ్దం దాటాక, 2021, 2022 చట్టాలతో గాని అవి మళ్ళీ రాలేదు. ఈ మధ్యకాలంలో ఖర్చులో పెద్ద భాగం మామూలు పన్నులు కట్టే మీ వంటివారు, నా వంటివారు భరించారు.

మన కాళ్ళ కింద

ఎడిసన్‌లోని రారిటన్ సెంటర్ ఎరుగని భారతీయుడు ఈ ప్రాంతంలో లేడు. నవరాత్రులకు వేలమంది అక్కడ చేరి ఆడిపాడారు. పెళ్ళిళ్ళు, ప్రదర్శనలు, సభలు జరిగాయి. ఒకసారి మా అమ్మాయి అక్కడ పట్టు పరికిణీలో గిరగిర తిరుగుతుంటే, నేను మాత్రం గచ్చు వైపు చూస్తూ నిలబడ్డాను. మా ఆవిడ, "ఏమండీ, ఇక్కడ కూడా మట్టేనా మీకు?" అని విసుక్కుంది.

1917లో మొదటి ప్రపంచయుద్ధ కాలంలో సైన్యం అక్కడ రారిటన్ ఆర్సెనల్ అనే ఆయుధాగారం నెలకొల్పింది. దాదాపు 3,200 ఎకరాలు. నది ఒడ్డున ఉన్నందున మందుగుండు నిల్వచేసి ఓడలకెక్కించడానికి అనువైన చోటు. రెండు యుద్ధాలు చూసి 1963లో మూతపడింది. తరువాత కొంత నేల వ్యాపార సముదాయమైంది, కొంత కౌంటీ కాలేజీకి, కొంత పార్కుకి వెళ్ళింది. కొంత భాగంలో పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ వారి కార్యాలయమే ఉంది! సైన్యం వదిలి వెళ్ళిన పాత మందుగుండును, భూగర్భజలంలో కలిసిన ద్రావకాలను ఆర్మీ ఇంజనీర్ల విభాగం దశాబ్దాలుగా వెతికి, తీసి, పరీక్షిస్తూ వచ్చింది. కొన్ని భవనాలలోకి ఆవిరి రాకుండా గచ్చు కింద నుండి గాలి లాగే ఏర్పాట్లు చేశారు.

ఇది చదివి ఎవరూ భయపడనక్కర్లేదు. వెతికిన నేల వెతకని నేలకన్నా నయం. నేను చెప్పదలచింది వేరు. మనం వలస వచ్చినవాళ్ళం. ఈ నేల పాత కథ మనకు తెలియదు. కాని ఇల్లు కొన్నరోజు, కొట్టు కొన్నరోజు, ఆ కథ కూడా దస్తావేజుతోపాటే మనకు సంక్రమిస్తుంది.

కొన్నేళ్ళ కిందట మన స్నేహితులలో ఒకాయన పాత ఇల్లు కొన్నారు. గృహప్రవేశం ఘనంగా చేశారు, వాస్తు కూడా చూపించారు. తూర్పు ద్వారం, ఈశాన్యంలో పూజగది, అన్నీ బాగున్నాయి. రెండేళ్ళకు పెరట్లో కరివేపాకు కుండీలు పెట్టుకోవడానికి చదును చేస్తుంటే ఒక ఇనుప గొట్టం తగిలింది. దాని కింద, గ్యాసు రాకముందు ఇంటిని వెచ్చబరచడానికి వాడిన నూనె ట్యాంకు. తుప్పుపట్టి, కారి, మట్టిలో ఇంకిపోయింది. అమ్మాయి కాలేజీ కోసం దాచిన డబ్బులో సగం మట్టి తవ్వడానికే పోయింది. "అన్నయ్యా, నువ్వు పక్కనే ఉండి ఒక్క మాట చెప్పలేదేం?" అని ఆయన అడిగినప్పుడు నాకు మాట రాలేదు. కొనేముందు నేను భోజనానికి వెళ్ళాను, ఇల్లంతా చూశాను, బాగుందన్నాను. రోజూ పరాయివాళ్ళ నేల పరీక్షించేవాణ్ణి, స్నేహితుడి పెరడు వైపు చూడలేదు. ఈ వ్యాసానికి అసలు కారణం అదే.

అందుచేత పాత ఇల్లు కొనేవారు లోహపు వస్తువులను పసిగట్టే పరికరంతో ట్యాంకు వెతికించండి. ఆ ఖర్చు గృహప్రవేశం భోజనాల ఖర్చులో ఆవగింజంత. పెట్రోలు బంకులు, మోటెళ్ళు, బట్టలుతికే కొట్లు కొనే మనవారు ఫేజ్ వన్ నివేదికను బ్యాంకు కోసం దాఖలు చేసే కాగితమనుకోక, కూర్చుని చదవండి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

పుట్టిన నేల

చివరగా మనం పుట్టిన నేల మాట. హైదరాబాదు శివార్లలో పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడల నుండి వచ్చిన రసాయన జలాలు నక్కవాగులో కలిసి, ఆ ఒడ్డున ఉన్న ఊళ్ళ బావులను, పొలాలను పాడుచేశాయి. 1990లో ఆ గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. నష్టపోయిన రైతులకు పరిహారం ఇవ్వాల్సి వచ్చింది. లోయిస్ గిబ్స్ ఇంటింటికీ తిరిగినట్టే అక్కడా గ్రామస్థులు, వైద్యులు తిరిగారు. భోపాల్ ఫ్యాక్టరీ ఆవరణలో మిగిలిన 337 టన్నుల వ్యర్థాలను అక్కడి నుండి కదిలించింది 2025 జనవరిలో, ప్రమాదం జరిగిన నలభై ఏళ్ళకు! ఆవరణలోని మట్టి, నీటి సంగతి ఇంకా మిగిలే ఉంది. అదే ఏడాది జూలైలో కలుషిత స్థలాలను గుర్తించి, బాధ్యుల చేత శుభ్రం చేయించడానికి భారత ప్రభుత్వం ప్రత్యేక నియమాలు ప్రకటించింది. ఆలస్యమైనా మంచి ఆరంభం. ఆ నియమాలు అమలు కావాలంటే చదువుకున్న చేతులు కావాలి. ఇక్కడ ఈ విద్య నేర్చిన మన పిల్లలలో ఒక్కరైనా నక్కవాగు ఒడ్డున ఒక వేసవి గడిపితే ఆ ఊళ్ళకు మేలు, మన సంఘానికి గౌరవం.

భూమిని తల్లి అంటాము. ఉదయం లేచి కాలు మోపేముందు క్షమించమని వేడుకోమని మన పెద్దలు నేర్పారు. ఆ తల్లి క్షమిస్తుందేమో గాని, మరచిపోదు. పూడ్చినదేదైనా ఒకరోజు పైకి వస్తుంది. కొనేముందు గొయ్యి తవ్వి చూసిన మా తాతగారికి ఆ సంగతి తెలుసు. మనం మళ్ళీ నేర్చుకుంటున్నాము.